తొమ్మిదో వార్డు గుమ్మాలు

సోమవారం

నామినేషన్లు ముగిశాయి. పార్టీలకు పండగ, నాకు తలనొప్పి. కోటరేవు మునిసిపాలిటీ మొత్తానికి ఎన్నికల బోర్డుల ఇన్‌స్పెక్టరుని నేనొక్కదాన్నే. పోలింగు అయ్యేదాకా ఏరోజుకారోజు జరిగింది రాసి పెట్టమన్నారు కమిషనరు పురుషోత్తం గారు. రాస్తాను. చదివేవాళ్ళు చదవనీ, లేకపోతే మాననీ.

పొద్దున్నే లారీల తలుపులు తెరిచారు. బోర్డులు బిలబిలమంటూ దిగి గోడల వెంట పాకిపోయాయి. పలక వెనక మెత్తటి కాళ్ళు, ముందు అభ్యర్థి నవ్వుముఖం. జనం బల్లిబోర్డులంటారు. ఇల్లిల్లూ తిరిగి, గుమ్మాన్ని అడిగి, గుమ్మం సరేనంటే ఆ గోడకు అతుక్కుపోతాయి. ఆ ఇంటికి ఏం కావాలో గుమ్మం నోట విని, దానికి తగ్గ హామీ పలుకుతాయి.

ఇదివరకు కార్యకర్తలే ఇళ్ళ మీద పడి, గోడ ఇస్తావా చస్తావా అని పీక మీద కూర్చునేవారు. ఆ బాధ పడలేక అనుమతిచ్చే పని ఈ మాట్లాడే యంత్రపు గుమ్మాలకు అప్పగించారు. లోపల ఎవరున్నారో గుమ్మానికి తెలుసు. ఆ ఇంటివాళ్ళ గొంతుతోనే జవాబు చెబుతుంది. తను విన్న గొంతుతో మాత్రమే. వినని గొంతు దానికి రాదు. ఒక గుమ్మం మాట ఇంకో గుమ్మానికి తెలియదు. ఇంటి గుట్టు బయటపడకుండా అలా కట్టుదిట్టం చేశారు.

ఈరోజు పని: పోలింగు జరిగే బడి గోడ మీదికి పాకిన బోర్డుని కర్రతో వెనక్కి తోలాను. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి కూర్చున్న ఇంకోదాన్ని దింపించాను. నాలుగో వార్డులో ఒకావిడ, పక్కింటి వాళ్ళు బోర్డు కనపడకుండా చీరలు ఆరేస్తున్నారని ఫిర్యాదు చేసింది. చీరలకు నిబంధన లేదమ్మా అని చెప్పి వచ్చాను. ఆవిడ నావంక చూసిన చూపుకి నేనే ఆరేసినట్టయింది.

మా ఇంటికీ ఒక బోర్డు వచ్చిందట. ఇన్‌స్పెక్టరు ఇంటికి బోర్డు ఉండకూడదని గుమ్మానికి నేర్పించాను. నా గొంతుతోనే, 'వద్దు నాయనా, వేరే ఇల్లు చూసుకో' అని పంపేసింది.

సాయంత్రం ఆఫీసు పటంలో దీపాలు చూశాను. ఎక్కడ బోర్డు నిలిస్తే అక్కడో చుక్క వెలుగుతుంది. తొమ్మిదో వార్డు నిండా చుక్కలే.

తొమ్మిదో వార్డులో మనుషులు లేరు.

మంగళవారం

కట్ట మీద నడిచి తొమ్మిదో వార్డుకి వెళ్ళాను. సముద్రం ముంచెత్తిన ఆ మునక తర్వాత ఇల్లు వదిలాక నేను అటు వెళ్ళడం ఇదే మొదలు. వార్డు వార్డంతా ఖాళీ చేసి పదో వార్డులో, ఎనిమిదో వార్డులో సర్దుకున్నాం. ఇక్కడ మిగిలినవి గోడలూ, ఉప్పు మరకలూ, గుమ్మాలూ. ఎండ తగిలితే చాలు, గుమ్మం చావదు. ఎవరూ పలకరించకపోతే నిద్రపోతుంది. నిన్న బోర్డులు పలకరించేసరికి అన్నీ లేచాయి.

ఎలా అనుమతిచ్చాయో మొదటి ఇంటి ముందే అర్థమైంది. గుమ్మం ముందు చెప్పులు.

గుమ్మం మనుషుల్ని లెక్కపెట్టేది బయట విప్పిన చెప్పుల్ని చూసే. ఎన్ని జతలుంటే అంతమంది లోపల ఉన్నట్టు. ఈ లెక్క కట్టినవాళ్ళు మాత్రం మా రేవు సంగతి తెలియనివాళ్ళు. మునిగిన ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు మేం పాత చెప్పులు గుమ్మంలోనే వదిలేసి, ఒట్టి కాళ్ళతో దాటుతాం. పట్టిన శని చెప్పుల్లో దిగిపోయి అక్కడే ఉండిపోతుందని. ఒక్క ఇల్లు కాదు, వార్డు వార్డంతా అలాగే చేసింది.

అంచేత గుమ్మాల దృష్టిలో తొమ్మిదో వార్డు నుంచి ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు.

తాతారావు గారి ఇంటి ముందు నిలబడి, 'అనుమతి ఎవరిచ్చారు?' అని అడిగాను. వలలు అల్లే ఆ పెద్దాయన పదో వార్డులో నిక్షేపంలా ఉన్నాడు. గుమ్మం ఆయన గొంతుతోనే, 'పెట్టుకోండి బాబూ, మా ఓటు మీకే' అంది. ఆ గోడ మీద మూడు పార్టీల బోర్డులూ ఉన్నాయి. మూడింటికీ అదే మాట చెప్పిందన్నమాట. ఆ విషయంలో మాత్రం అచ్చం ఆయనే.

నవ్వొచ్చింది. కానీ బోర్డుల వంక చూశాక ఆ నవ్వు నిలవలేదు. బోర్డు ముఖం వీధి వైపు ఉండాలన్నది మొదటి నిబంధన. ఇక్కడ ప్రతి బోర్డూ తలుపు వైపు తిరిగి ఉంది. వీధికి వీపులు పెట్టి, చిన్న గొంతుతో ఇళ్ళ లోపలికి మాట్లాడుతున్నాయి.

మా పాత వీధి దాకా వెళ్ళలేదు. పొద్దుపోయింది. పొద్దు ఉండి ఉన్నా వెళ్ళేదాన్ని కాదేమో.

బుధవారం

పురుషోత్తం గారికి చెప్పాను. ఆయన మొదట తేలిగ్గా తీసుకున్నారు. 'ఖాళీ ఇళ్ళే కదా సత్యవేణి గారూ, ఎవరికి నష్టం' అన్నారు. మధ్యాహ్నానికి తుఫాను కబురు వచ్చింది. ఆదివారం తీరం దాటుతుంది. అప్పుడు ఆయన నన్ను పిలిపించి కూర్చోమన్నారు.

లాకుల సంగతి కోటరేవులో పుట్టిన ప్రతివారికీ తెలుసు. సముద్రం పొంగితే లాకులు ఎత్తి నీళ్ళని తొమ్మిదో వార్డులోకి వదలాలి. వదలకపోతే అవి కట్ట తెంచుకుని పదో వార్డు మీద పడతాయి. పదోదే అన్నిటికన్నా పల్లం. ఇప్పుడు లాకులు చేత్తో తిప్పేవి కావు. తమంతట తామే లేస్తాయి, లేచే ముందు గుమ్మాలను అడుగుతాయి. ఒక్క గుమ్మమైనా లోపల మనిషున్నాడంటే ఆ వార్డులోకి చుక్క వదలవు. ఆ నిబంధన కోసం మునక తర్వాత ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

'గుమ్మాలు పీకేయిద్దాం' అన్నారు పురుషోత్తం గారు.

'పీకితే లోపలివాళ్ళు ఆపదలో ఉన్నారని లెక్కండి. ఇక లాకులు అసలు కదలవు.'

'మరి బోర్డులు దింపించండి. గుమ్మాలు మళ్ళీ నిద్రపోతాయి.'

'అనుమతిచ్చినవాళ్ళు దింపమంటేనే బోర్డు దిగుతుంది. లేదా ఇల్లు ఖాళీ అయిందని గుమ్మం ఒప్పుకోవాలి. అంటే చెప్పులు తీయాలండి.'

ఆయన ఈ ఊరివాడు కాదు. 'అంతేనా, తీయించండి' అన్నారు. అంతేనా అట.

పదో వార్డులో, కట్ట పక్కనే మా చెల్లెలు అనసూయ ఇల్లు. కవలపిల్లలు. ఇంకా నడక కూడా రాలేదు.

గురువారం

మునిసిపల్ పనివాళ్ళని తీసుకుని తొమ్మిదో వార్డుకి వెళ్ళాను. మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చెత్త ఎత్తమంటే ఎత్తుతామండి, ఒకళ్ళ శని ఎత్తమంటే ఎలాగండి అన్నారు. తిట్టాను, బతిమాలాను. కట్ట మీదికెళ్ళి బీడీలు ముట్టించారు.

వాళ్ళని అనడానికేముంది, నాకూ చెయ్యి ముందుకు రాలేదు. మంగళవారం ఆ చెప్పులన్నీ వీధి వైపు చూస్తూ ఉండడం నేను కళ్ళారా చూశాను. వెళ్ళేవాళ్ళు విప్పిన చెప్పులు అలాగే ఉంటాయి. ఈరోజు అన్నిటి ముక్కులూ తలుపుల వైపు ఉన్నాయి. బయటినుంచి ఇంటికి వచ్చినవాళ్ళు విప్పినట్టు. కుక్కలు లాగాయేమో అనుకుందామంటే తొమ్మిదిలో కుక్కలు లేవు. లాగినా అంత పొందిగ్గా జతలు జతలుగా పెట్టవు.

బోర్డుల హామీలు కూడా మారాయి. మొన్న ఒకటి గోడ తడి ఆరబెడతానంది, ఇంకొకటి మంచినీళ్ళ కుళాయి వేయిస్తానంది. ఇప్పుడు మూడు పార్టీలవీ, ఏ ఇంటి ముందు నిలబడి విన్నా ఒకటే మాట. 'మీవాళ్ళని మీ ఇంటికి తెస్తాం.' గుమ్మాలు అడిగింది అదే కాబోలు.

మా వీధిలోకి వెళ్ళాను.

మా పాత ఇంటి ముందు ఒకే జత ఉంది. నూకరాజువి. మావారు లాకుల మీద పనిచేసేవారు. మునక రోజు లాకుల్లోంచి నీళ్ళు వార్డు మీదికి వస్తున్నాయని కేక వినపడగానే ఒట్టి కాళ్ళతో పరిగెత్తారు. తడి చెక్కల మీద చెప్పులు జారతాయని లాకు మనుషులెవరూ వేసుకోరు. లాకులు మూశారు. తిరిగి రాలేదు. దొరకనూ లేదు.

నా చెప్పులు నేను తీసుకునే వెళ్ళాను. ఆయనవి తీయలేదు. శని వదలాలని కాదు. మునక తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. రోజూ చీకటి పడేవేళ గుమ్మాన్ని, 'వచ్చారా?' అని అడిగేదాన్ని. చెప్పులు కనిపిస్తున్నాయి కాబట్టి అది ఆయన గొంతుతో, 'ఇంట్లోనే ఉన్నానే' అనేది. యంత్రమని తెలుసు. తెలిసే అడిగేదాన్ని. ఆ మాట వినకపోతే అన్నం దిగేది కాదు.

మా బోర్డు కూడా తలుపు వైపే తిరిగి ఉంది. 'లాకులకెళ్ళిన మనిషిని ఇంటికి తెస్తాం' అంటోంది. చిన్నగా, జోలపాడినట్టు.

నిబంధన తప్పి తలుపు వైపు తిరిగిన ఆ బోర్డుకి నోటీసు అంటించకుండా వచ్చేశాను. ఉద్యోగంలో చేరాక ఇలా రావడం ఇదే మొదటిసారి.

శుక్రవారం

పదో వార్డు వాళ్ళని సామాజిక భవనంలో కూర్చోబెట్టాను. ఎవరి చెప్పులు వాళ్ళు తెచ్చుకోండి, ఆదివారంలోగా, అంతకంటే నేనేమీ అడగనన్నాను.

తాతారావు గారు లేచారు. 'అమ్మా సత్తెవేణీ, నీ మీద మాకు గౌరవముంది. కానీ ఆ సెప్పులు ముట్టుకోమనకమ్మా. అయ్యి ఇడిసొచ్చాకే మాకు నాలుగు మెతుకులు దొరికినియ్యి. మళ్ళీ నెత్తికెత్తుకోమంటావా?'

'నీళ్ళొస్తే మెతుకులు కాదు, మీరే మిగలరు తాతారావు గారూ.'

'నీళ్ళొస్తే ఎల్లిపోతాం. అలవాటేగా. శని వస్తే ఎక్కడికెల్తాం?'

అందరూ చదువుకున్నవాళ్ళే, బల్లిబోర్డుల మీద జోకులేసేవాళ్ళే. ఒక్కరి తల కూడా పైకి లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీ మునగండి అని నోటిదాకా వచ్చింది. కవలల్ని చెరో చంకనా వేసుకుని అనసూయ మూల నిలబడి ఉంది, అందుకని మింగేశాను.

బయటికొచ్చాక అనసూయే అంది. 'మా పాత ఇంటివి నేను తెచ్చుకుంటానక్కా. మిగతావి నువ్వే తీసేస్తావు. నాకు తెలుసు.'

'నీకెలా తెలుసు?'

'సిన్నప్పట్నుంచీ నీ మొకం సూత్తన్నాను కదా.' చంకలో పిల్లాణ్ణి సర్దుకుని, 'బావవి కూడా తీస్తావా?' అని అడిగింది.

పిల్లల్లో ఒకడు నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

శనివారం

కావాలని ఎంచుకోలేదు. ఇంకో రోజు మిగల్లేదు. అందరి శనీ శనివారం నాడు మూటగట్టానని రేపు ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

పొద్దున్నే గోనెసంచీ తీసుకుని వెళ్ళాను. గాలి అప్పటికే ఉప్పగా కొడుతోంది. మొదటి జత కొంగుతో పట్టుకుని తీశాను. తర్వాత పనిలో పడిపోయాను. తీయగానే గుమ్మం ఆ ఇంటివాళ్ళ గొంతుతో, 'వెళ్ళొస్తాం' అనేది. తర్వాత తన సొంత గొంతుతో, 'ఇంట్లో ఎవరూ లేరు' అనేది. బోర్డు కాళ్ళు వదిలేసి నేలమీద పడేది. ముసలివాళ్ళు, పిల్లలు, కొత్త కోడళ్ళు, ఎన్ని గొంతులు. మునకలో పోయినవాళ్ళవీ ఉన్నాయి. తాతారావు గారి గుమ్మం వెళ్ళొస్తామన్నప్పుడు వెనకనుంచి ఆయన భార్య గొంతు కూడా వినపడింది. ఆవిడ మునకలోనే పోయింది. వెళ్ళిరండి పిన్నీ అన్నాను, తెలియకుండానే.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పులన్నీ తడిగా ఉన్నాయి. వాన ఇంకా మొదలు కాలేదు.

అనసూయ వచ్చి తమ ఇంటివి తీసుకుని లాకుల్లో పడేసి వెళ్ళింది. నా సంచీ కూడా అక్కడే విదిలించాను. మా ఇల్లు ఆఖరుకి మిగిలింది.

'వచ్చారా?' అని అడిగాను. అడగకుండా తీయలేకపోయాను.

'ఇంట్లోనే ఉన్నానే' అన్నారు.

వంగి చెప్పులు తీశాను. పెద్ద పాదాలాయనవి. ఎడమ చెప్పు మడమ లోపలికి అరిగి ఉంటుంది. వంకరంటే గిట్టని మనిషి, ఎవరింటికెళ్ళినా గోడ మీది క్యాలెండరు సరిచేసి గానీ కూర్చోని మనిషి. ఆయన చెప్పే వంకరగా అరిగిందని ఏడిపించేదాన్ని.

'వెళ్ళొస్తాను' అంది గుమ్మం. ఇంట్లో ఎవరూ లేరంది. బోర్డు పడిపోయింది.

ఏడ్చాను. ఆ వార్డులో చూసేవాళ్ళెవరూ లేరు, బోర్డులు కూడా లేవు.

ఆ జత లాకుల్లో వేయలేదు. ఇంటికి తెచ్చాను.

సోమవారం

నిన్న మధ్యాహ్నం లాకులు గుమ్మాలను అడిగాయి, ఎవరూ లేరన్నాయి, లేచాయి. సముద్రం తొమ్మిదో వార్డులోకి వెళ్ళింది. కట్ట మీద నిలబడి చూశాను. మా ఇంటి కప్పు కాసేపు కనిపించింది. పదో వార్డులో మోకాలి లోతు కూడా రాలేదు. అనసూయ పిల్లలు ఆ గాలికి నిద్ర కూడా లేవలేదట.

పురుషోత్తం గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. పదో వార్డు వాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు. తాతారావు గారు మాత్రం దూరం నుంచే చేతులెత్తి దణ్ణం పెట్టారు. దగ్గరికి రాలేదు.

మావారి చెప్పుల్ని ఎనిమిదో వార్డులో మా ఇంటి గుమ్మం ముందు, నా చెప్పుల పక్కన పెట్టాను. గుమ్మం, 'ఇంట్లో ఇద్దరు' అంది. అంటుందని తెలుసు. అందుకే పెట్టాను. ఈ ఇంటికి నేనొక్కదాన్నే వచ్చాను, ఈ గుమ్మం ఆయన గొంతు ఎన్నడూ వినలేదు. అంచేత ఆయనలా పలకదు. లెక్క మాత్రం చెబుతుంది. అది చాలు.

పోలింగు రోజు

గొడవల్లేవు. బడి దగ్గరికి పాకిన ఒక బోర్డుని పట్టుకుని బుట్ట కింద పెట్టాను. రోజంతా బుట్ట కింద హామీలిస్తూనే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా గోడ మీద బోర్డు ఉంది. ఇన్‌స్పెక్టరు ఇంటి మీద! ఊళ్ళో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. గుమ్మం పాడైందనుకుని, 'అనుమతి ఎవరిచ్చారు?' అని కోపంగానే అడిగాను.

'ఊఁ, పెట్టుకో. అలా వంకరగా కాదయ్యా. తలుపుకి సరిగ్గా పెట్టు' అంది గుమ్మం, ఆయన గొంతుతో.

బోర్డు తలుపు అంచుకి గీత గీసినట్టు సరిగ్గా ఉంది. ఊళ్ళో ఇన్ని బోర్డులు చూశాను, అంత నిక్కచ్చిగా నిలబడ్డది ఇంకోటి లేదు.

ఆయన చెప్పులు తడిగా ఉన్నాయి. ముక్కులు తలుపు వైపు ఉన్నాయి.

ఆదివారం

పోలింగు అయ్యాక మూడోనాటికి ఊళ్ళో బోర్డులన్నీ దిగిపోవాలి. దిగాయి. మా ఇంటిది తప్ప. ఆ చెప్పులు తీసేస్తే ఇది కూడా దిగుతుంది. నాకు తెలుసు. గుమ్మం ముందు రెండుసార్లు వంగాను. తీయలేదు. తీయాలని లేదు.

మిగిలిన దారి నోటీసు. అనుమతిచ్చిన ఇంటివారి పేర రాసి, గుమ్మం ముందు నిలబడి పైకి చదవాలి. ఎవరి ఇంటికైనా అదే పద్ధతి, నా ఇంటికైనా అంతే. లాకు నూకరాజు గారికి, అని రాశాను. గారు అని రాస్తున్నప్పుడు నవ్వొచ్చింది. మధ్యాహ్నం వీధిలో నిలబడి చదివాను. 'మీరు అనుమతించిన బోర్డు గడువు ముగిసినందున ఈరోజే దింపించవలెను. అందినట్టు పలకవలెను.'

కాగితం మడిచాను. తర్వాత పలుకు వచ్చింది. గుమ్మంలోంచి కాదు. గుమ్మం పలుకు మోకాలి ఎత్తున వినపడుతుంది, ఇన్నేళ్ళ అలవాటు, పొరబడను. ఇది ఇంకా వెనకనుంచి, వంటింటి వైపునుంచి వచ్చింది.

'ఇన్నానే. ఎండ తగ్గనీ, దింపుతాను. తొందరేంటి నీకు?'

ఏ పని చెప్పినా ఆయన ఎప్పుడూ ఇంతే.

వీధి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎండ తగ్గింది. లోపల ఎవరో స్టూలు జరుపుతున్నారు. బోర్డు దింపినట్టు రేపు ఆఫీసులో చెప్పాలి. ఇక చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి.